తెల్ల కారు మీద ఎర్ర వాన

మొన్న నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఆటోలో పోతుంటే, దారిలో ఒక మిరప చేను దగ్గర జనం గుమిగూడి కనిపించారు. ఆటో అబ్బాయి బండి పక్కకు తీసి, "డ్రోనుతో మందు కొడ్తాండారవ్వా, ఒక్క నిమిషం చూసి పోదాం" అన్నాడు. చేను మీద సాలెపురుగు లాంటి యంత్రం ఒకటి మందు చల్లుకుంటూ తిరుగుతోంది. గట్టు మీద ఇద్దరు కుర్రాళ్లు దాని గురించి వాదులాడుకుంటున్నారు. అది బరువు మోయలేదని ఒకడు, చెప్పిన చోట కదలకుండా నిలబడుతుంది చూడమని ఇంకొకడు. అంతలో గాలి మా వైపు తిరిగింది. ఆ మందు వాసన ముక్కుకు తగలగానే నా పళ్లు వాటంతట అవే బిగుసుకున్నాయి.

"ఏమవ్వా, కడుపులో తిప్పుతాందా?" అని అడిగాడు ఆటో అబ్బాయి.

లేదన్నాను. కడుపులో ఉన్నది పాత కోపం. అది ఎంత పాతదో చెప్పినా ఆ పిల్లవాడికి అర్థం కాదు.

మా నాయన ఆళ్లగడ్డలో ఒక భూస్వామి దగ్గర కారు డ్రైవరు. చుట్టుపక్కల కారున్నది ఆ భూస్వామి ఒక్కడికే కాబట్టి ఊళ్లో అందరూ ఆయన్ను కారాయప్ప అనేవాళ్లు. నిజానికి ఆ కారు ఆయన కొన్నది కాదు. వాళ్ల నాయన ఎప్పుడో మద్రాసు నుంచి తెప్పించింది. నల్లటిది. ఏ దేశంలో తయారైందో మాకు తెలియదు. ముందు లైట్లు రెండూ ఇత్తడి చెంబులంత ఉండేవి. మడ్‌గార్డులు నిద్రపోయే పిల్లి వీపులా వంపు తిరిగి ఉండేవి. తలుపు తీస్తే ఎండకు కాగిన తోలు వాసన, దాని వెనకే పెట్రోలు వాసన వచ్చేవి. ఇప్పటికీ నాకు నాయన అంటే ఆ రెండు వాసనలే.

మా చిన్నాయన నంద్యాలలో ఆయిలు ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. ఆయనకు విమానాల పిచ్చి. ఎప్పుడో బెంగుళూరుకు పోయి, విమానాశ్రయం గోడ బయట చింతచెట్టెక్కి, దిగే విమానాలూ లేచే విమానాలూ చూసి వచ్చాడు. ఆ ఒక్క రోజు చూసిందే జీవితమంతా చెప్పుకున్నాడు. ఆదివారం వచ్చిందంటే బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చేసేవాడు. అన్నదమ్ములిద్దరూ బస్టాండు పక్కనున్న టీ బంకులో కూర్చునేవాళ్లు. నేను మధ్యలో దూరేదాన్ని. బంకు నడిపే భాయ్ నా ముందు బొరుగుల ఉగ్గాని పొట్లం పెట్టేవాడు. ఇక వాదం మొదలయ్యేది.

"కారంటే వేగం కాదురా. గుంతలో పడి లేచినా లోపల కూర్చున్నోని చేతిలో టీ తొణకగూడదు. అదీ కారంటే" అనేవాడు నాయన.

"గుంతలే లేని దారి నాది. పైన రోడ్డేసే కాంట్రాక్టరే లేడు గదన్నా!"

"దారిలో ఆగిపోతే కారు దిగి తోసుకుంటా. నీ విమానం ఆగిపోతే యాడ దిగుతావ్?"

"ఆగినా పడదు. గద్ద మాదిరి గాలి మీద జారుకుంటా వస్తాది. రెక్క ఉండేది దేనికనుకున్నావ్?"

"నువ్వు జారినావా ఎప్పుడన్నా?"

బంకంతా నవ్వేది. జీపు గొప్పదా అంబాసిడర్ గొప్పదా అని పక్క బెంచీ వాళ్లు కూడా కలిసేవాళ్లు. అడవి దారికి జీపే సరి అని ఆత్మకూరు వైపు వాళ్లు, పెళ్లికూతురు జీపులో ఎట్ల కూర్చుంటుందని ఇంకొకరు. ఎవరు గెలిచారో చివరకు నేను తీర్పు చెప్పాలి. ఎవరు నాకు ఇంకో మిరపకాయ బజ్జీ ఇప్పిస్తే వాళ్లే గెలిచారని చెప్పేదాన్ని. నాయన ఎప్పుడూ ఇప్పించేవాడు కాదు. అందుకని విమానాలే ఎక్కువసార్లు గెలిచాయి.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక కారాయప్ప కొడుకు సెలవులకు ఇంటికొచ్చాడు. ఇరవై ఏళ్లు నిండని వాడు. ఒకనాడు మధ్యాహ్నం నాయన అన్నానికి ఇంటికొచ్చిన సమయం చూసి, తాళం చెవి తీసుకుని కారు బయటికి తీశాడు. కాలువ గట్టు మీద తోలుకుంటూ పోయి, మలుపు తిప్పలేక నీళ్లలో పడేశాడు. వాడు ఈదుకుంటూ బయటికొచ్చాడు. కారు మునిగింది.

నేను బడి నుంచి వచ్చేసరికి గట్టు మీద ఊరంతా ఉంది. రెండెడ్లను కట్టి కారును పైకి లాగారు. తలుపుల్లోంచి, ఇంజనులోంచి నీళ్లు ధారలు కడుతున్నాయి. నాయన బానెట్టు తెరిచి, నెత్తిన చుట్టుకున్న తుండుగుడ్డ విప్పి ఒక్కొక్క భాగమే తుడుస్తున్నాడు. కారాయప్ప కొడుకు తడిబట్టలతో తండ్రి పక్కనే నిలబడి, "బ్రేకు పడలేదు నాయనా" అన్నాడు.

కారాయప్ప మా నాయన వైపు తిరిగాడు. "బ్రేకు చూసినావా లేదా?"

"పొద్దున్నే చూసినా సామీ. బ్రేకులో తప్పేం లేదు."

"అంటే నా కొడుకు అబద్ధం చెప్తాండాడా?"

నాయన అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ మౌనమే కారాయప్పకు గుచ్చుకుంది. జీతగాళ్ల వైపు చూసి, "ఒక ఎద్దును ఇప్పండి. ఆ పక్క కాడికి వీణ్ణి కట్టండి. లాక్కోని రానీ ఇంటిదాకా" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆయన మళ్లీ అన్నాడు. అప్పుడు కదిలారు.

కాడికి ఒకవైపు ఎద్దు, ఒకవైపు మా నాయన. వెనక నీళ్లు కారుతున్న నల్ల కారు. కాలువ గట్టు దిగి, పెద్ద బజారు మీదుగా, బస్టాండు ముందు నుంచి వాళ్ల బంగళా దాకా. ఎద్దు అడుగుకు మనిషి అడుగు అందదు. నాయన మాటిమాటికీ మోకాళ్ల మీద పడేవాడు, లేచేవాడు. నేను పక్కనే ఏడుస్తూ పరుగెత్తాను. కొందరు నవ్వారు. వాళ్లెవరో నాకు తెలుసు, ఎవరినీ మరిచిపోలేదు. బంకు భాయ్ మాత్రం మేం రావడం చూసి పొయ్యి ఆర్పేసి, బంకు తలుపు మూసుకుని లోపలికి పోయాడు. మా నాయనను ఆ స్థితిలో చూడకూడదనుకున్న మనిషి ఆ బజారులో ఆయన ఒక్కడే.

ఆ సాయంత్రం అమ్మ ఆముదం వెచ్చజేసి నాయన మెడకు రాస్తుంటే చర్మం చేతికంటుకుని వచ్చింది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. నాయన గోడ వైపు చూస్తూ ఒక్క మాటే అన్నాడు.

"స్టీరింగు కాడ ఒక మనిషిని కూడా కూర్చోబెట్టలేదు. ముందు చక్రాలు యాడికి బడితే ఆడికి పోతాండె. ఇరుసు దెబ్బతినుంటాది."

తర్వాత నాయన ఇల్లు దాటడం మానేశాడు. కార్ల మాట ఎత్తడం మానేశాడు. నల్ల కారును బాగుచేసేవాడు లేక బంగళా వెనక పాకలో పడేస్తే దాంట్లో కోళ్లు చేరాయి. కారాయప్ప కొత్తగా తెల్ల కారు కొన్నాడు. అది మా ఇంటి ముందు నుంచి హారను కొట్టుకుంటూ పోయేది.

నేను బడికి పోతూ వస్తూ బంగళా ప్రహరీ మీద బొగ్గుతో ఎద్దు బొమ్మ గీసేదాన్ని. వాళ్లు సున్నం కొట్టించేవాళ్లు. సున్నం ఆరకముందే మళ్లీ గీసేదాన్ని. రాత్రి అన్నం తింటున్నా, బళ్లో ఎక్కాలు చెబుతున్నా నా మనసులో ఒకటే. ఆయప్పను బజారులో అందరి ముందూ నవ్వులపాలు చేయాలి. కత్తులూ బాంబులూ మా వైపు కొత్త కాదు. కానీ నాకు ఆయన చావడం వద్దు. ఆయన బతికుండి నవ్వు వినాలి.

మరుసటి ఏడాది పత్తికి పురుగు పట్టింది. చేతిపంపులతో ఎంత కొట్టినా చావలేదు. విమానంతో మందు చల్లిస్తారని కబురొచ్చింది. కారాయప్ప తన బీడు భూమిని రోలరుతో చదును చేయించి విమానం దిగడానికి ఇచ్చాడు. "నా ఇమానం వస్తాంది" అని ఊరూరా చెప్పుకున్నాడు. సంజామల నుంచీ ఉయ్యాలవాడ నుంచీ ఎడ్లబండ్లు కట్టుకుని, సద్ది మూటలతో జనం వచ్చారు. పసుపు రంగు విమానం, ఒక్క మనిషి మాత్రమే పట్టేది, దుమ్ము లేపుకుంటూ దిగితే ముసలమ్మలు చేతులెత్తి దండం పెట్టారు. చిన్నాయన షెడ్డు పని వదిలేసి, దానికి పెట్రోలు పోసే పనికి కుదిరాడు. ఆ మొదటి రోజు ఆయన కళ్లు తుడుచుకుంటూ విమానం రెక్క నిమరడం నేను చూశాను.

దాన్ని నడిపే కెప్టెన్ ఉత్తరాది మనిషి. తెలుగు రాదు. బంకు భాయ్ ఉర్దూలో మాట్లాడి మాకు తెలుగులో చెప్పేవాడు. మీ విమానం ఎట్లాంటిదని చిన్నాయన ఆశగా అడిగితే, కెప్టెన్ నవ్వి ఏదో అన్నాడు.

"ఇది అందగత్తె కాదంట. ఎనుమంట" అన్నాడు భాయ్. "ఎంత బరువైనా మోస్తాది, బురదలో దింపినా అలగదంట. ఆయప్పకు ఆకాశంలో గుర్రాలు వద్దంట, ఎనుమే ఇష్టమంట."

చిన్నాయన మొహం చిన్నబోయింది. విమానాన్ని బర్రెతో పోలుస్తారని ఆయన కలలో కూడా అనుకోలేదు. కానీ ఇంజను ఆగితే జారుకుంటూ దిగొచ్చన్న మాట కెప్టెన్ నోట విన్నాక, ఆయన పరుగున మా ఇంటికొచ్చి, "ఓన్నా, గద్ద మాదిరే అంట! నేను చెప్పలా?" అని అరిచాడు. నాయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

కెప్టెన్‌కు కార్లంటే ప్రాణం. బంగళాలో భోజనానికి పిలిచినప్పుడు పాకలోని నల్ల కారు ఆయన కంటబడింది. కోళ్లను తోలి బానెట్టు ఎత్తి చూశాడట. నీళ్లలో మునిగినా, ఆ ఇంజనును ఎవరో ఏళ్ల తరబడి చంటిబిడ్డలా చూసుకున్నారని ఆయనకు తెలిసిపోయింది. ఆ మనిషిని చూడాలని భాయ్‌ను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అమ్మ జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి పెట్టింది. చాప మీద కూర్చుని తింటూ, కారు గురించి తనే మాట్లాడుతూ పోయాడు. నాయన తల ఎత్తలేదు.

"అన్నీ బాగుంటాయి గానీ, ఈ రకం కార్లకు గేరుబాక్సే బలహీనమంట" అన్నాడు భాయ్.

నాయన తల ఎత్తాడు. "గేరుబాక్సుది తప్పు కాదు. తొక్కేవాని కాలుది తప్పు."

కెప్టెన్ పడీపడీ నవ్వాడు. ఆ కారును ఎందుకు వదిలేశావని అడిగాడు. నాయన లేచి లోపలికి పోయాడు. చిన్నాయన జరిగింది చెప్పాడు, భాయ్ నేల చూపులు చూస్తూ దాన్ని ఉర్దూలోకి మార్చాడు. కెప్టెన్ చేతిలోని రొట్టె ముక్క ఆగిపోయింది. ఆయన పోతూ పోతూ నా తల మీద చెయ్యి పెట్టాడు.

మందు కొట్టేముందు ఒక రోజు రంగునీళ్లతో పరీక్ష చేస్తారు. మందు ఎంత వెడల్పున పడుతుందో తెలియడానికి చేనులో తెల్ల కాగితాలు పరిచి, ఎర్రరంగు కలిపిన నీళ్లు చల్లుతారు. చేనుకు ఈ కొనన ఒకరు, ఆ కొనన ఒకరు జెండాలు పట్టుకుని నిలబడాలి. పైనుంచి అవి చూసుకుంటూ విమానం ఒక కొన నుంచి ఇంకో కొనకు వస్తుంది. రెండో జెండా దాటగానే నీళ్లు ఆపేస్తుంది. ఆ రెండో జెండా పట్టే మనిషికి ఆవేళ జ్వరమొచ్చింది.

"నేను పట్టుకుంటా చిన్నాయనా" అన్నాను.

"కదలకుండా నిలబడ్తావా మే? జెండా యాడుంటే ఇమానం ఆడిదాకా వస్తాది."

ఆ మాట నా చెవిలో పడిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తే.

చేను చివర, సరిగ్గా నా వెనక, కట్ట మీద కారాయప్ప తెల్ల కారు వచ్చి ఆగింది. నంద్యాల నుంచి పెద్దమనుషులొచ్చారు, ఫోటోగ్రాఫరు వచ్చాడు. కారాయప్ప మల్లెపూవులాంటి పంచె, చొక్కాతో బానెట్టుకు ఆనుకుని, మీసం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పక్కన కొడుకు. వెనక విమానం ఎగురుతుండగా ఫోటో తీయాలని పురమాయించాడు. వాళ్లందరి చూపూ ఆకాశం మీద ఉంది. జెండా పిల్లను ఎవరు చూస్తారు?

దూరంగా విమానం మలుపు తిరిగింది. నేను జెండా దించి, కట్ట ఎక్కి, కారు పక్క నుంచి నడిచి, దాని వెనకున్న మట్టిదిబ్బ మీద నిలబడ్డాను. మళ్లీ జెండా ఎత్తాను. రెండు చేతులతో, ఎంత ఎత్తగలిగితే అంత ఎత్తున.

విమానం వచ్చింది. పత్తి చెట్లు తలలు వంచాయి. దాని కడుపు కింద నుంచి ఎర్రటి తెర జారుతూ ఉంది. అంత కిందికొచ్చిన కెప్టెన్‌కు కారు కనబడలేదని నేను నమ్మను. తెల్ల పంచెలు కనబడలేదనీ నమ్మను. నీళ్లు ఆపే పిడి ఆయన చేతి కిందే ఉంది. ఆపలేదు. నా జెండా దాటేదాకా ఆపలేదు.

కారు ఎర్రబడింది. కారాయప్ప మీసం, చొక్కా, పంచె, కొడుకు క్రాపు, పెద్దమనుషుల కండువాలు, అన్నీ ఎర్రబడ్డాయి. తర్వాత చేనులో ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. అంతే, నవ్వు చేను మీద గాలి పాకినట్టు పాకింది. కట్ట మీదికి ఎక్కింది. ఎడ్లబండ్ల మీదున్న వాళ్లు కడుపులు పట్టుకున్నారు. కారాయప్ప మొహం తుడుచుకున్న కొద్దీ రంగు ఇంకా పులుముకుంది. ఆ నవ్వు ఆయన చెవుల్లోకి పోవడం నేను కళ్లారా చూశాను. నేను నవ్వలేదు. జెండా దించకుండా ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.

ఆయన నన్ను చూశాడు. ఎవరి బిడ్డనో గుర్తుపట్టాడు. చెయ్యి ఎత్తాడు గానీ పక్కన పెద్దమనుషులున్నారు. అంతలో విమానం దిగి కెప్టెన్ నడిచొచ్చాడు. కారాయప్ప కేకలకు ఆయన చెప్పిన జవాబును భాయ్ గొంతు పెంచి అందరికీ వినిపించాడు.

"జెండా యాడుంటే ఆడిదాకా చల్లడమే నా పని అంటాండాడు. నీ జాగాలో కారు పెట్టలేదు, నా దారిలో పెట్టినావు అంటాండాడు!"

నేనూ నిలువెల్లా ఎర్రగానే ఇంటికొచ్చాను. అమ్మ రక్తమనుకుని గుండెలు బాదుకుంది. నాయన మంచం దిగి పరుగెత్తుకొచ్చి, నా చెంప మీది తడి వేలితో తీసి వాసన చూశాడు.

"రంగునీళ్లు" అన్నాడు. "యాడ తడిసినావు మే?"

చెప్పాను. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. నాయన నా ముందు గొంతుకూర్చుని విన్నాడు. తర్వాత అడిగాడు.

"ఎంత కిందికొచ్చింది ఇమానం?"

"మన ఇంటి దూలం ఎత్తున."

"ఇంజను శబ్దం ఎట్లుండె?"

నోటితో ఆ శబ్దం చేసి చూపించాను. నాయన నవ్వాడు. కాడి కట్టినప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలు. "మళ్లీ చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను.

మరుసటి రోజే ఇల్లు ఖాళీ చేయమని కబురొచ్చింది. ఇల్లు కారాయప్ప స్థలంలోనిదే. సామాను బండికెత్తుకుని నంద్యాలకు వచ్చేశాం. బండి కదిలేటప్పుడు భాయ్ బజ్జీల పొట్లం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఆళ్లగడ్డ పోయింది. ఆదివారాల బంకు పోయింది. ఆ పోయినదానికి కూడా ఆయప్ప మీదే కోపం పెంచుకున్నాను.

నంద్యాలలో అన్నదమ్ములిద్దరూ మా ఇంటి ముందరే ఒక చిన్న షెడ్డు పెట్టారు. నాయన ఇంకొకరి కారుకు డ్రైవరుగా మాత్రం పోలేదు. ఏళ్లు గడిచాయి. నాకు పెళ్లయి, పురిటికి పుట్టింటికి వచ్చిన ఎండాకాలంలో ఒక మిట్టమధ్యాహ్నం షెడ్డు ముందు ఒక కారు తోసుకొచ్చారు. తెల్లరంగు పాలిపోయిన కారు. వెనక చేతికర్రతో కారాయప్ప. దారిలో ఆగిపోయిందట, ఎవరో మా షెడ్డు చూపించారట. ఎవరిదో తెలియక వచ్చాడు. నాయనను చూసి అక్కడే ఆగిపోయాడు.

నాయన చేతులు తుడుచుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బండిని లోపలికి తొయ్యండి" అన్నాడు పనివాళ్లతో. "మనిషిని ఆడనే నిలబడమను."

కారాయప్ప ఎండలోనే నిలబడ్డాడు. రేకుల షెడ్డు ముందు నీడ లేదు. అమ్మకు మనసాగలేదు. "ముసిలోడు గదమ్మా" అంటూ ఒక స్టూలు తెచ్చి బయట వేసింది. నేను నిండు కడుపుతో లేచి వెళ్లి, ఆయన కూర్చోబోతుండగా ఆ స్టూలు తీసుకొచ్చి లోపల వేసుకుని దాని మీద నేను కూర్చున్నాను. ఆయన నన్ను చూశాడు. నేనూ చూశాను.

నాయన పని ఏమాత్రం తగ్గించి చేయలేదు. రేడియేటరు విప్పి కడిగాడు. ప్లగ్గులు గీకి పెట్టాడు. ఎవరూ అడగకపోయినా తలుపు బందులకు నూనె వేశాడు. తొందరపడనూ లేదు. మధ్యలో కూర్చుని అన్నం తిన్నాడు. ఎండ వాలేసరికి బండి స్టార్టు చేసి, బానెట్టు మీద చెవి ఆనించి కళ్లు మూసుకుని విన్నాడు. చిన్నాయన ఆ చేతికర్ర మనిషిని చూస్తూ, "ఇప్పుడన్నా నాలుగు మాటలు అడగన్నా" అన్నాడు. నాయన తల అడ్డంగా ఊపాడు.

కారు వెళ్లిపోయాక మలుపు తిరిగేదాకా దాన్నే చూశాడు.

"మంచి బండిరా" అన్నాడు. "పాపం, ఎవుని చేతిలో పడిందో చూడు."

నాయన పోయాడు, చిన్నాయన పోయాడు. కారాయప్ప అంతకుముందే పోయాడు. పెద్దవయసు వచ్చాక అన్నీ మరిచిపోతాం, అందరినీ క్షమిస్తాం అని మా ఈడు వాళ్లు అంటుంటారు. వాళ్ల సంగతి నాకు తెలియదు. ఆ స్టూలు మీద నుంచి నేను ఈ రోజు దాకా లేవలేదు.